దర్వాజ తెరిస్తే ఒక్కరూ రాలేదు

సిద్దిపేటలో బీడీ కార్ఖానల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. మా లేబర్ ఆఫీసుకు వచ్చిన మొదటి ఆడ ఆఫీసరు గడ్డపార పట్టుకొని కార్ఖాన కిటికీ పలగ్గొట్టిందట. సేటు ఆమె కాళ్ల మీద పడ్డాడట. బీడీలు చేసే ఆడవాళ్లు ఆమెను భుజాల మీద ఎత్తుకొని బస్టాండు దాకా ఊరేగించారట. మొన్న ఒక పెళ్లిలో నా పక్కన కూర్చొని భోజనం చేస్తున్న పెద్దమనిషి ఈ కథ ఎవరికి చెప్పాడనుకున్నారు? నాకే. పైగా "మీకు తెల్వదమ్మా, అప్పటికి మీరు చిన్నగుంటరు" అన్నాడు. వయసు తగ్గించినందుకు సంతోషపడాలో, అబద్ధం చెప్పినందుకు కోప్పడాలో తేలక పెరుగు వడ్డించేదాకా ఊరుకున్నాను. తర్వాత ఊరుకోలేదు. ఆయన పెరుగన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

గడ్డపార లేదు. మా మేడం బండి లూనా. దానికి స్టాండు వెయ్యాలంటే వెనక కూర్చున్న నేను దిగి సాయం పట్టాలి. ఆమె గడ్డపార ఎత్తడమేమిటి? సేటు ఎవరి కాళ్ల మీదా పడలేదు. ఆయన పొట్టతో వంగడం కుదిరే పనే కాదు. ఇక ఊరేగింపు అంటారా, ఆ ఆడవాళ్లకు ఇంటికి పోయి పొయ్యి ముట్టించే పనుంది. ఆఫీసర్లను మోసుకొని తిరిగే తీరిక లేదు.

కిటికీకి ఏమీ కాలేదు. నేను ఆ ఊళ్లో ఉద్యోగం చేసినంత కాలం అది చెక్కుచెదరకుండా ఉంది. జరిగింది వేరు. కొత్తగా సర్కారు నౌకరీల్లో చేరుతున్న అమ్మాయిలకు అసలు సంగతి చెప్పకపోతే, మంచి పని చెయ్యాలంటే ముందు కండలు పెంచాలనుకునే ప్రమాదం ఉంది. అందుకని రాస్తున్నాను.

ఎనభైల చివర్లో నేను ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. డిగ్రీ ఉంది, నోరుంది. ఈ రెండింట్లో ఏది ఎక్కువుందో మా బాపును అడిగితే చెప్పేవాడు. ఆఫీసు మొత్తంలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. కొత్త ఆఫీసరు పోస్టింగు ఆర్డరు వచ్చిన రోజు మా సీనియర్ అసిస్టెంటు పేరు మూడుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకొని నాలుగోసారి చదివాడు.

"పేరు ఆడపేరు తీరుగ కొడ్తున్నది. మనిషి మొగాయనే కావచ్చు" అన్నాడు.

"ఎందుకు కావాలె?" అన్నాను.

"ఫీల్డు పోస్టమ్మా ఇది. కార్ఖానలు తిరగాలె, మిల్లులు తిరగాలె, సేట్లతోని కొట్లాడాలె. ఆడామెను ఎవలు పంపుతరు?"

వారం తిరగకముందే ఆమె హన్మకొండ బస్సు దిగి వచ్చింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో బక్కెటు. నిజంగానే బక్కెటు తెచ్చుకున్నది, కొత్త ఊళ్లో మొదటి రోజే బక్కెటు ఎక్కడ కొనాలని. మా సీనియర్ అసిస్టెంటు లేచి నిలబడి ఆమె వెనక్కు తొంగి చూశాడు.

"సార్ ఎనుక వస్తుండా అమ్మా?"

"సార్ ఎవరూ లేరండి. నేనే" అని బక్కెటు ఆయన చేతికిచ్చింది.

ఆ క్షణాన ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది. అది ఎంతోసేపు ఉండలేదు. సాయంత్రానికే ఒక డ్రాఫ్టు విషయంలో ఇద్దరం వాదించుకున్నాం. ఆమె ఉన్నన్నాళ్లూ వాదించుకుంటూనే ఉన్నాం. ఆమెకు పల్లీలంటే ఇష్టం. వాదన ముదిరితే టేబుల్ సొరుగులోంచి వేయించిన పల్లీలు తీసి నా ముందు పెట్టేది. నోట్లో పల్లీలుంటే ఎవరైనా ఎంతసేపు అరుస్తారు?

ఆమె గది తలుపు దానంతటదే మూసుకునే రకం. ఎవరైనా మగాయన లోపలికి పోయి మాట్లాడుతుంటే తలుపు మెల్లగా కిర్రుమంటూ మూసుకొనేది. మొదటి రోజే మేడం అటెండరును పిలిచి "ఒక ఇటుకపెల్ల పట్టుకొచ్చి దానికి అడ్డం పెట్టు" అన్నది. ఎందుకని అతనూ అడగలేదు, నేనూ అడగలేదు. తెలుసు కదా. ఆ ఇటుక అక్కడే ఉండిపోయింది. వచ్చేపోయే వాళ్లంతా దానికి కాలు తాకించుకొని "అబ్బా" అనేవాళ్లు.

ఇక బీడీల సంగతి. అప్పట్లో ఏ వాడకట్టుకు పోయినా గడపల్లో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ కనిపించేవాళ్లు. కార్ఖానలో ఆకు, తంబాకు తీసుకొని ఇంట్లో చుట్టి, తెల్లారి పట్టుకుపోయి అప్పజెప్పాలి. మేం చెప్పుకుంటున్న కార్ఖానకు నంగునూరు దిక్కు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు కూడా ఉండేవాళ్లు. అప్పజెప్పేది ఎట్లాగంటే, గోడకు ఒక చిన్న కిటికీ. చాట పట్టేంత వెడల్పు, అంతే. బయట నుంచి చాట లోపలికి తోస్తే, లోపల నుంచి ఒక చెయ్యి వచ్చి అందుకునేది. లోపలంతా చీకటి. ఆ చెయ్యి చెకర్‌ది. ఆయన లోపల మూలకు కూర్చొని బీడీలు చూసి, నచ్చనివి తీసేసి, ఖాళీ చాట మళ్లీ కిటికీలోంచి బయటికి తోసేవాడు. "గిన్ని కట్టలు తీసేసిన" అని ఒక మాట వినపడేది. తీసేసిన బీడీలు మాత్రం తిరిగి వచ్చేవి కావు. విరిచి పారేశామనేవాళ్లు. విరిచారో, వేరే కట్టలో పెట్టి అమ్ముకున్నారో చూసినవాళ్లు లేరు. చూడాలంటే కిటికీలో తల పట్టదు.

ఆడవాళ్లు ఆ చెకర్‌ను ఎన్నడూ పూర్తిగా చూడలేదు. చూసింది చేతినే. అందుకని వాళ్ల మాటల్లో ఆయన పేరే "చెయ్యి". "ఇయ్యాల చెయ్యి కోపంగున్నది", "చెయ్యికి పెండ్లాంతోని లొల్లయినట్టున్నది" అని చెప్పుకునేవాళ్లు. కిటికీలో చాట పెట్టి, వెనక్కి తిరిగి తిట్టేవాళ్లు. ఆ తిట్లు ఇక్కడ రాయను. సంపాదకులు తీసేస్తారు.

ఒక మధ్యాహ్నం నంగునూరు నుంచి వచ్చే ఒకావిడ ఖాళీ చాటతో నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. నా వయసే ఉంటుంది, నోరు నాకంటే పెద్దది. వస్తూనే మేడం తలుపు కాడ ఇటుక తాకి "ఓరి నీ పాడుగాను" అన్నది. తర్వాత మేడంను పైనుంచి కింది దాకా చూసింది.

"కొత్తగొచ్చిన లేబరు ఆఫీసరువు నువ్వేనా?"

"నేనే. కూర్చో."

"ఆడామెవే గద. అయితే వింటవు" అని కింద కూర్చోబోయింది. మేడం కుర్చీ చూపించింది. "వద్దు, నాకు కిందనే మాట మంచిగొస్తది" అని కిందే కూర్చుంది. "నేనొక్కటే అడుగుత. నా బీడీలు నా కండ్ల ముంగట చూడాలె. మంచిగ లేకపోతె తీసెయ్యమను, నేనొద్దన్ననా? కని నాకు చూపెట్టి తీసెయ్యాలె, నా ముంగటనే ఇరవాలె. గంతే. గది చేపిస్తవా?"

అంతే. ఆమె అడిగింది అంతే. ఆ తర్వాత జరిగినదంతా ఆ ఒక్క మాట గురించే.

చట్టం ఆమె దిక్కే ఉంది. కానీ చట్టం ఉండటం వేరు, గోడకవతల చీకట్లోకి అది పోవడం వేరు. మేడం సంగారెడ్డికి, మా జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల మా పెద్దసారు. ఆయన గొంతు రిసీవర్లోంచి నాదాకా వినపడేది, అంత గట్టిగా మాట్లాడేవాడు.

"చూడమ్మా, ఒక్క కార్ఖానల నడిపించి చూపెట్టు. నడిస్తే అన్ని కార్ఖానలకు నేనే ఆర్డరిస్త. నడవకపోతే మాత్రం ఆడాఫీసర్లను ఫీల్డుకు ఎందుకు పంపినవని నన్నడుగుతరు. నిన్ను ఆఫీసుల ఏదన్న సీటుకు మార్చాల్సొస్తది. తర్వాత ఇంకో ఆడామెను పంపనియ్యరు. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకోలేదు. అప్పుడే ఆర్డరు రాద్దాం పట్టు అన్నది. నేను రాశాను. "కార్మికురాళ్లు ఒక్కొక్కరుగా లోపలికి వచ్చి, తమ సమక్షంలోనే..." అని. ఒక్కొక్కరుగా అని ఎందుకు పెట్టామంటే, అందరూ ఒక్కసారే మీదపడితే చెకర్‌కు ఊపిరాడదని. ఎంత న్యాయంగా ఆలోచించామో అని మాకు మేమే ముచ్చటపడ్డాం. ఆ రోజు వాదన కూడా లేదు. పల్లీలు ఊరికే తిన్నాం.

సేటుకు ఆర్డరు ఇచ్చినప్పుడు ఆయన చదివి, చేతులు జోడించాడు. "తప్పకుండ మేడం. దర్వాజ తెరిచి పెడ్త. లక్ష్మీదేవులు లోపలికొస్తే నాకేం బాధ?" అని బిస్కెట్లు తెప్పించాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది. క్రీం బిస్కెట్లు మా అనుమానాన్ని మింగేశాయి.

ఆర్డరు అమలయ్యే రోజు పొద్దున్నే లూనా మీద పోయాం. సేటు దర్వాజ బార్లా తెరిచిపెట్టాడు. మామిడాకుల తోరణం కూడా కట్టించాడు, గృహప్రవేశం తీరుగా. లోపల మాకు రెండు కుర్చీలు. మూలకు గోనెపట్టా మీద చెకర్. మొదటిసారి ఆ చేతి వెనక మనిషి కనపడ్డాడు. బక్కపలచటి ముసలాయన, కళ్లజోడుకు దారం కట్టుకున్నాడు. ఆయన పక్కన సేటు. కిటికీకి లోపల నుంచి గడియ.

బయట ఆడవాళ్లు వచ్చారు. ఎప్పటిలాగే కిటికీ ముందు నిలబడ్డారు. గడియ పెట్టి ఉందని చూశారు. దర్వాజ తెరిచి ఉందని కూడా చూశారు.

"రండమ్మా, ఒక్కొక్కరు రండి!" అన్నది మేడం.

ఎవరూ రాలేదు.

"లోపలికి రండి, భయం లేదు."

ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఒకామె చాట నెత్తి మీంచి దించి చంకలో పెట్టుకుంది. అంతే, ఒక్కరూ కదల్లేదు. నంగునూరామె కూడా కదల్లేదు. నాకైతే ఆమెను చూసి ఒళ్లు మండింది. నువ్వడిగినవని కదా ఇదంతా!

ఎండ ఎక్కుతున్నది. ఆ పూట బీడీలు అప్పజెప్పకపోతే వాళ్లకు రేపటికి ఆకు రాదు. మళ్లీ బస్సు పట్టుకొని పోవాల్సిన వాళ్లున్నారు. సేటు మాత్రం కుర్చీలో వెనక్కు వాలి పొట్ట మీద చేతులు పెట్టుకున్నాడు.

"చూసిన్రు గద మేడం, నేను తెరిచిన. వాళ్లకే అక్కర లేదు. సంగారెడ్డికి ఫోన్ కలుపుమంటరా? నా ఫోనే ఉన్నది, వాడుకోండి."

మేడం మొహం ఎర్రబడ్డది. నన్ను మూలకు లాగింది. "వాళ్ల కోసమే కదా చేసింది! ఏం మనుషులే వీళ్లు?"

"నన్నంటే ఏం లాభం? బయటికి పోయి వాళ్లనే అడుగుదాం."

"అడిగేదేముంది? పిలిస్తే రావాలి కదా."

"మీరు పిలిస్తే నేను కూడా అన్నిసార్లు రాను మేడం."

ఆమె నన్ను కాల్చేటట్టు చూసి బయటికి నడిచింది. నేను వెనక. పోగానే నంగునూరామెను పట్టుకున్నాను. "ఏందే, నువ్వే గద అడిగినవు? ఇప్పుడు బొమ్మ తీరుగ నిలబడ్డవేంది?"

"నేనేమడిగిన? నా ముంగట చూడాలె అన్న. నన్ను లోపలికి తోలుమన్ననా?" అన్నది. "అక్కా, ఆ దర్వాజవతల ఇద్దరు మొగోళ్లు. నేనొక్కదాన్నే పోవాల్నట. పోయొచ్చినంక నా బీడీలన్ని మంచిగున్నయని తీసుకుంటే, ఈ ఎనుకున్నోళ్లు ఏమనుకుంటరు? తీసేసిండనుకో, అప్పుడేమనుకుంటరు? అటైనా ఇటైనా ఇజ్జతు పోయేది నాదేనాయె."

బురఖాలో ఉన్న ఒకామె ముందుకొచ్చింది. మెల్లటి గొంతు. "కిడ్కీ దాకా మా ఇంట్ల పంపుతరు మేడం. రోడ్డు మీద అందరుంటరు గద. లోపలి కమ్రాలోకి పోయిన్నంటే రేపటి సంది పని బంద్. చుట్టుడు బంద్, బయటికొచ్చుడు బంద్."

"మేం లోపలనే ఉన్నం గద, ఇద్దరు ఆడోళ్లం!" అన్నాను.

"ఇయ్యాలున్నరు" అన్నది నంగునూరామె. "రేపుంటరా? ఎల్లుండి? లూనా పెట్రోలు రోజూ ఎవలు పోస్తరు?"

ఎవరో కిసుక్కుమన్నారు. నేనూరుకుంటానా? "అయితే దర్వాజకు అడ్డం ఇటుక పెడ్దాం, మూసుకోకుండ ఉంటది" అన్నాను.

"ఆహా, మీ ఆఫీసుల పెట్టుకున్నరు గద, నా బొటనవేలు పలిగింది. మీకెందుకు కావాల్సొచ్చింది ఇటుక? మీరిద్దరు సదువుకున్నోళ్లు, ఆఫీసర్లు, మీకే కావాల్సొస్తే మాకు అక్కర లేదా? సరే, ఇటుక పెట్టు అక్కా. దర్వాజ తెరిచుంటది. ఈళ్ల నోర్లు మూసుకుంటయా?"

ఈసారి అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది మేడం. ఆ నవ్వు నేనెప్పుడూ మరిచిపోను. చూస్తుండగానే కోపం దిగిపోయి, మా ఇద్దరి మీదా మాకే నవ్వొచ్చింది. పొద్దున లేస్తే మగవాళ్ల నడుమ కూర్చొని ఉద్యోగం చేసి చేసి, లోపలికి రావడమంటే ఏమిటో మేమిద్దరం మరిచిపోయాం. మా కోసం చేసుకున్న ఏర్పాటు మాత్రం మరవలేదు.

కార్ఖాన ముందు, కిటికీ కింద, ఒక రాతి గద్దె ఉండేది. మేడం దాని మీద కూర్చుంది. "సరే, ఇప్పుడు చెప్పండి. ఎట్లా చేద్దాం?"

ఇక చూడాలి. అందరూ ఒక్కసారే మాట్లాడారు. కిటికీ పెద్దది చెయ్యమని ఒకరు, లోపల దీపం పెట్టమని ఒకరు, జాలీ పెట్టమని ఒకరు. అసలు పాత తీరే మంచిగుందని ఇంకొకామె అంటే, ఆమె మీద నలుగురు పడ్డారు. ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్న వాళ్లు గ్లాసులు పట్టుకొని రోడ్డు మీదికొచ్చారు. సేటు దర్వాజలో నిలబడి "జల్దీ తేల్చుండ్రి, నాకు బేరముంది" అని అరిచాడు.

అప్పుడు ఆయన పక్క నుంచి, తోరణం కింద తల వంచుకొని, చెకర్ బయటికి వచ్చాడు. ఒక చేతిలో గోనెపట్టా, ఒక చేతిలో తట్ట. ఎండకు కళ్లు చికిలించాడు.

"అగో, చెయ్యొచ్చిందే" అన్నదొకామె. వెంటనే నాలుక కరుచుకుంది.

"ఏమయ్యా, ఎటు పోతున్నవు?" అన్నాడు సేటు.

"బయటికి, సేటు."

"ఎవలు పొమ్మన్నరు?"

"ఎవలనలే. వాళ్ల ముంగట చూడాలె అని ఆర్డర్ల ఉన్నదంటిరి. వాళ్లు లోపలికి రారాయె. నేనే బయటికొచ్చిన. నాకేం కాళ్లు లేవా?"

గద్దె మీద, మేడం పక్క నుంచి కాస్త దూరంగా, గోనెపట్టా పరుచుకున్నాడు. కూర్చుని కళ్లజోడు దారం సర్దుకున్నాడు. తలెత్తి ఆడవాళ్లందరినీ ఒకసారి చూశాడు.

"ఇన్నేండ్ల సంది గోడవతల నుంచి తిడ్తున్నరు. ఎవలు తిడ్తున్నరో తెల్వదు. నేను ఆ చీకట్ల కూసోని వింటున్న. నా పెండ్లాన్ని తిట్టిన్రు, నా బిడ్డల్ని తిట్టిన్రు. వాళ్లేం జేసిన్రు? ఇగ ఈడ ముంగట కూసున్న. తిట్టేదుంటే పేరు చెప్పి తిట్టుండ్రి."

ఎవరూ తిట్టలేదు. ఒక్కసారిగా అందరికీ కొంగులు సర్దుకోవాల్సిన అవసరం వచ్చింది.

సేటు మొహం చూశాను. చెకర్‌ను లోపలికి రమ్మని గదమాయించాలని ఆయనకు ఉంది. కానీ చాయ్ హోటల్ మొత్తం చూస్తున్నది, ఆఫీసర్ పక్కనే ఉన్నది.

నంగునూరామె ముందుకొచ్చి చాట గద్దె మీద పెట్టింది. "నేనే తిట్టిన కాకా. నా పేరు రాసుకో. మరి నా బీడీలు చూడు."

ఆయన ఒక కట్ట తీసుకొని, ఒక్కో బీడీని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ దొర్లించాడు. ఆ చేతిని వాళ్లు ఎన్నేళ్లుగానో చూస్తున్నారు. అది చేసే పని మాత్రం అప్పుడే చూశారు. అందరూ మీదికి వంగారు. ఆయన ఒక బీడీ పక్కకు పెట్టాడు.

"ఏం, దానికేమైంది?"

"మెత్తగున్నది."

"ఏడ మెత్తగున్నది? నీ వేలే మెత్తగున్నది!"

ఆయన ఆ బీడీని బురఖా ఆమెకు ఇచ్చాడు. "నువ్వు చెప్పు బేటీ."

ఆమె ముసుగులోపల అటూ ఇటూ దొర్లించి చూసింది. తర్వాత చిన్నగా అన్నది. "మెత్తగనే ఉన్నది అక్కా."

రోడ్డంతా గొల్లుమన్నది. నంగునూరామె "నువ్వు నా దిక్కా, వాని దిక్కా?" అని ఆమె భుజం మీద ఒకటి వేసి తానూ నవ్వింది. చెకర్ ఆ బీడీని ఆమె కళ్ల ముందే విరిచాడు. పొడుం ఆమె అరచేతిలోనే పోశాడు. కట్ట మొత్తంలో తీసేసింది ఆ ఒక్కటే. తర్వాతి చాట, ఆ తర్వాతి చాట. ఒకామెవి కొంచెం ఎక్కువే పోయాయి. ఆమె ఏడుపు మొహం పెట్టింది గానీ ఆయన్ను తిట్టలేదు. "మా కోడలు చుట్టింది, ఇయ్యాల ఇంటికి పోయినంక ఉన్నది దానికి" అన్నది.

సేటుకు ఇక ఊరుకోబుద్ధి కాలేదు. "మేడం, ఎండకు ఆకు ఎండుతది. బీడీ పలుగుతది. గాలికి పొడుం ఎగురుతది. బయట నడవది ఇది."

"అయితే రేకుల పందిరి వేయించండి సేటుగారూ" అన్నది మేడం. "తోరణం ముందే కట్టారు కదా, సగం పని అయిపోయింది."

ఆర్డరు కాగితం అడిగింది. "ఒక్కొక్కరుగా లోపలికి వచ్చి" అన్న మాటల మీద పెన్నుతో గీత కొట్టి, పైన "బయట, అందరి ముందు" అని రాసి సంతకం పెట్టింది. నా డ్రాఫ్టులో ఇంకొకరు గీత కొడితే నేను ఊరుకున్న ఒకే ఒక్క సందర్భం అది.

తర్వాత కొన్నాళ్లకు రేకులు వచ్చాయి. పెద్దసారు సంగారెడ్డి నుంచి జీపులో వచ్చి, గద్దె పక్కన నిలబడి చూసి, "ఇది లోపలే పెట్టుకోవచ్చు గద?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే మేడం ఆయన చేతిలో పల్లీలు పోసింది. మిగతా కార్ఖానల్లో కూడా గద్దెలు లేచాయి. సేటు ఈ చెకర్‌ను మాన్పించి ఇంకొకర్ని పెడదామని ఒకసారి ప్రయత్నించాడు. ఆడవాళ్లు చాటలు కిందికి దించలేదు. "మాకు మా చెయ్యే కావాలె" అన్నారు. అన్నేళ్లు శాపనార్థాలు పెట్టిన మనిషి కోసం ఎండలో నిలబడ్డారు. ముసలాయన మళ్లీ వచ్చి కూర్చున్నాడు. తిట్లు మాత్రం పూర్తిగా ఆగలేదు. ఇప్పుడు పేరు పెట్టి తిట్టేవాళ్లు, ఆయన కూడా పేరు పెట్టి తిట్టేవాడు. అందరికీ అదే హాయిగా ఉండేది.

మేడం మా ఊళ్లో ఎక్కువ కాలం ఉండలేదు. ప్రమోషన్ మీద పోయింది. ఆ తర్వాత కూడా ఎక్కడికి పోయినా, అక్కడ ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే అయింది. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు కాసేపు వాదించుకున్నాకే క్షేమసమాచారాలు.

కానీ పోయే ముందు ఒక సంగతి జరిగింది. అదే ఇన్నేళ్లయినా నన్ను వదలడం లేదు.

చెకర్‌కు జ్వరం వచ్చి కొన్నాళ్లు రాలేదు. పొద్దుగూకేదాకా ఆయన కూర్చునే గద్దె ఖాళీ. సేటు కొడుకు వచ్చి కూర్చుంటే బీడీకి, అగ్గిపుల్లకు తేడా తెలియలేదు. మేడం నాతో అన్నది, "అంతా వీళ్లే చుడతారు. ఏది మంచిదో, ఏది కాదో వీళ్లకే తెలుసు. ఆ గద్దె మీద వీళ్లల్లో ఒకరు ఎందుకు కూర్చోకూడదు?" సేటును అడిగితే ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. "ఆడోళ్లు ఆడోళ్ల బీడీలు తీసేస్తరా మేడం? నేను దుకాణం మూసుకోవాలె" అన్నాడు. నేను ఆయనతో వాదించి వాదించి గొంతు పోగొట్టుకున్నాను. ఆ వారంలోనే మేడంకు బదిలీ ఆర్డరు వచ్చింది.

మేడంను పంపించడానికి బస్టాండుకు పోయిన రోజు, తన బస్సు కోసం నిలబడ్డ నంగునూరామె కనపడ్డది. మేడం బస్సు కదిలిపోయాక పక్కకు పిలిచి అడిగాను.

"ఆ గద్దె మీద నువ్వు కూసుంటవానే? చెకర్‌గ?"

పకపకా నవ్వింది. "నేనా? ఒక్క బీడీ తీసేస్తే మా వాడకట్టంత నాతోని మాట్లాడుడు బందు పెడ్తది. తియ్యకపోతే సేటు బందు పెడ్తడు. నీకు నా మీద ఏం కోపమే అక్కా?"

సరే, అంతే సంగతులు అనుకున్నాను. బస్సొచ్చింది. ఎక్కింది. సీటు దొరికించుకొని, కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఊరికే అడిగినట్టు అడిగింది.

"అక్కా, ఆ రేకుల కింద, పొద్దుగూకే యాళ్లకు గద్దె మీదికి ఎండొస్తదా?"

"రాదు" అన్నాను.

"ఊఁ" అన్నది. బస్సు పోయింది.

తర్వాత నాలుగు రోజులకే ముసలాయన జ్వరం తగ్గి వచ్చి తన జాగాలో తాను కూర్చున్నాడు. నేను వేరే సెక్షన్లో పడ్డాను. మా ఊళ్లో నేనెరిగిన ఏ గద్దె మీదా ఆడ చెకర్ కూర్చోలేదు. ఆ రోజు నంగునూరు బస్సు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను గానీ, బస్సు వెంట ఉరికి ఇంకొక్కసారి అడగలేదు. మీరు చెప్పండి. అడిగితే, ఆమె కూసునేదా?